బొక్కల పోగుకు తలా ఒక ముక్క

గురువారం పొద్దున బోధన్ బస్సు కోసం రోడ్డెక్కే ముందు గంగుబాయి మూడు కంటి చుక్కల సీసాలను పక్కపక్కన పెట్టి ఎండకు పట్టి చూసింది. మూడింట్లోనూ మందు ఒకే మట్టాన ఉంది. ఒక సీసాలో వెంట్రుకవాసి ఎక్కువున్నట్టు అనుమానం వచ్చి, వంగి ఇంకోసారి చూసింది. లేదు, సమానమే. సీసాల్లో ఆమెది ఒకటి, అంజవ్వది ఒకటి, భోజన్నది ఒకటి. సమానంగా లేనిది అంజవ్వ కన్ను ఒక్కటే. మిగతా ఇద్దరి కళ్ళు తేటబడుతుంటే ఆమె కన్ను రెండు రోజులుగా మళ్ళీ ఎర్రబడింది. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉంటున్నాయి.

గంగుబాయి కోటగిరి దగ్గర చెరుకు కొట్టే గుంపుకు ముఖద్దం. గుంపును కూర్చడం, రైతుతో మాట్లాడుకోవడం, ఎవరు ఏ సాలు పట్టాలో చెప్పడం, తగాదా వస్తే మధ్యలో నిలబడడం ముఖద్దం పని. మామూలుగా అది మగవాళ్ళు చేస్తారు. ఆమె భర్తే చేసేవాడు. మోకాళ్ళు పట్టేశాక అతడు మేకల వెంట పడ్డాడు, గుంపు ఆమె వెంట పడింది. యాభై దాటిన మనిషి. పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు అవతల కాబట్టి లెక్కలు మరాఠీలో వేస్తుంది, తిట్లు తెలుగులో తిడుతుంది. గుంపుకు రెండూ అర్థమవుతాయి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళు గడిచాయి. చెరుకు ఇప్పుడు లారీలెక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోతోంది. అయినా బోధన్ వాళ్ళు అడ్రసులో షక్కర్‌నగర్ అని రాసుకోవడం మానలేదు, గంగుబాయి గుంపు కత్తి పట్టడం మానలేదు.

చెరుకాకు అంచు రంపంలా ఉంటుంది. చేతుల మీద, మెడ మీద గీతలు పడితే ఎవరూ పట్టించుకోరు. కంట్లో తగిలితే కొంగుతో ఒత్తుకుని, ఎవరైనా బాలింత చేత రెండు చుక్కలు చనుబాలు వేయించుకుని మళ్ళీ సాలులో దిగడం అలవాటు. ఈ ఏడు మంచు ఎక్కువ కురిసింది. తడి ఆకు మీదుండే బూజు ఆ గాయంలోంచి కంట్లో దిగి, నల్లగుడ్డు మీద తెల్లని పుండై కూర్చుంటుందని నిజామాబాద్ ఆస్పత్రిలో చెప్పేదాకా వాళ్ళకు తెలియదు. ఒకే తోటలో ముందు భోజన్నకు తగిలింది, తర్వాత అంజవ్వకు. ముఖద్దం కదా, వాళ్ళిద్దరినీ ఆస్పత్రికి తీసుకుపోదామని గంగుబాయి అనుకుంటుండగానే ఆమెకూ తగిలింది.

వాళ్ళు వెళ్ళిన సమయం ఆస్పత్రికి బాగా కలిసొచ్చింది. అక్కడ సరిగ్గా ఇలాంటి పుండ్ల మీదే పరిశోధన నడుస్తోంది. నడుస్తోంది అనడం కంటే మనుషులు చాలక ఆగి ఉంది అనడం నిజం. పరిశోధనలో చేరినవాళ్ళను కనిపెట్టుకుని ఉండడం సైఫ్ ఉద్యోగం. బోధన్ వాడు, బట్టల కొట్టు కుటుంబం, ముప్పై ఏళ్ళుంటాయి. చెరుకు సీజన్ మొదలై ఇన్నాళ్ళయినా పుండ్లు రావడం లేదని అతడు దిగులు పడుతున్న రోజుల్లో, మూడు కళ్ళు ఒకే బస్సు దిగి వచ్చాయి. సైఫ్ ముఖం వెలిగింది. అది బాధపడవలసిన సందర్భమని గుర్తొచ్చి వెంటనే సర్దుకున్నాడు.

డాక్టర్ పుష్పలత ముగ్గురినీ యంత్రం ముందు కూర్చోబెట్టి చూసింది. కళ్ళలోంచి కొద్దిగా గీకి పరీక్షకు పంపింది. బూజు పుండే అని తేలాక సైఫ్ వాళ్ళను ఏసీ గదిలోకి పిలిచి కాగితాలు చదివి వినిపించాడు. మందులు రెండు. ఒకటి ఏళ్ళుగా వాడుతున్నది, ఇంకొకటి కొత్తది. ఏది మేలో తేల్చడానికే ఈ పని. ఎవరికి ఏ మందు అనేది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, నంబరు ఒక్కటే తేడా. లోపల ఏముందో రోగికి తెలియదు, డాక్టరుకూ తెలియదు. కాగితంలో దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అన్నారు. ఆ మాటను నిజామాబాద్‌లో నోటితో పలికిన మొదటి మనిషి బహుశా సైఫే.

అంజవ్వ గంగుబాయి వైపు తిరిగింది. గుంపులో అందరికంటే జోరుగా చెరుకు కొట్టేది, అందరికంటే జోరుగా మాట్లాడేది ఆమే.

"డాక్టరమ్మకే ఎరుక లేని మందు కోసం గింత దూరమొస్తిమా అక్క?"

గంగుబాయి సైఫ్‌ను అడిగింది. "పోగులు పంచినట్టే గదా బిడ్డా?"

పోగులంటే ఏమిటో సైఫ్‌కు తెలుసు. కానీ ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. అవునన్నాడు. చెరుకు ఒడిసిన రోజు, అంటే కోత ముగిసిన రోజు, రైతు గుంపుకు మేకను ఇస్తాడు. కోసిన మాంసాన్ని మోదుగాకుల మీద పోగులు పెడతారు. ఒకరు అటు తిరిగి కూర్చుంటారు. ఇటున్న మనిషి ఒక పోగు మీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడిగితే, అటు తిరిగిన మనిషి చూడకుండా ఒక పేరు చెబుతారు. ఆ పోగు ఆ పేరుకే. ఇక దాని మీద మాట ఉండదు.

"కంప్యూటర్ అటు దిరిగి కూసుంటది, గంతే. ఎవలకు ఏది వడ్తదో దానికెరుక లేదు, మనకెరుక లేదు" అని గంగుబాయి మిగతా ఇద్దరికీ తేల్చి చెప్పింది. భోజన్న తలూపాడు. అంజవ్వ కూడా ఊపింది. ముగ్గురూ వేలిముద్రలు వేశారు.

సైఫ్ మురిసిపోయాడు. మూడు పేజీల కాగితం అరగంటలో చెప్పలేనిది ఆమె ఒక మాటలో చెప్పింది. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి రోగికీ అతడు పోగుల సంగతే చెప్పాడు. హైదరాబాద్‌లో జరిగిన సమావేశంలో కూడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. పోగుల సంగతి గంగుబాయి అక్కడితో ఆపిందని, ఆచారంలో ఇంకో సగం మిగిలి ఉందని అతనికి తెలియదు. అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

ఆ రెండో సగం గుడిసెల దగ్గర బయటపడింది. మేల్కొని ఉన్నంతసేపు గంటకోసారి చుక్కలు వేసుకోవాలి. చెరుకులోకి దిగకూడదు. కాబట్టి గుంపు తోటలోకి పోయాక ముగ్గురూ గుడిసె ముందు కూర్చుని, వంట చూస్తూ, గంటకోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. మొదటి రోజే ఒక తేడా కనిపించింది. గంగుబాయి సీసాలో మందు కంట్లో పడితే సుర్రుమని మండుతుంది. భోజన్నదీ అంతే, అతడు ప్రతి గంటకూ కాళ్ళు నేలకేసి కొడతాడు. అంజవ్వది మండదు.

మండని మందును ఆ చుట్టుపక్కల ఎవరూ మందుగా లెక్కపెట్టరు. సూది గుచ్చని డాక్టరును డాక్టరుగా లెక్కపెట్టనట్టే. అంజవ్వ రోజంతా ఊరుకుని సాయంత్రానికి అనేసింది. "మీ ఇద్దరికి మందు వోసి, నా సీసల కాలువ నీళ్ళు వోసినట్టున్నరు."

గంగుబాయికి ఆ మాట తగిలింది. ఆమె గుంపులో పోగులు పంచాక ఎవరికైనా అన్నీ బొక్కలే, అంటే ఎముకలే, వస్తే, మిగతా అందరూ తమ పోగులోంచి తలా ఒక ముక్క తీసి అందులో వేయాలి. అది బతిమాలి వేయించుకునేది కాదు, దానం అంతకన్నా కాదు. వేయని మనిషిని వచ్చే ఏడు గుంపులోకి పిలవరు. అటు తిరిగి పేరు చెప్పడం దేవుడి పని, ముక్క వేయడం మనుషుల పని అని గంగుబాయి భర్త ముఖద్దంగా ఉన్న రోజుల నుంచీ నడుస్తున్న పద్ధతి. అంజవ్వకు బొక్కల పోగు పడింది. కాబట్టి ముక్క వేయాలి. మీ సీసా ఇంకొకరికి ఇవ్వకూడదని సైఫ్ చదివిన సంగతి ఆమెకు గుర్తుంది. పక్క గుంపు వాళ్ళకు ఇవ్వొద్దు కాబోలు అనుకుంది.

పంపకం ఆమె చేతికి వచ్చాక వంక పెట్టడానికి ఉండదు. మొదటి గంట ఎవరి సీసా వాళ్ళకు. రెండో గంట సీసాలు ఒక్కో మనిషి పక్కకు జరుగుతాయి. మూడో గంట ఇంకోసారి. మధ్యాహ్నం అన్నం వేళకు ప్రతి కన్నూ ప్రతి సీసానూ కలుసుకుని ఉంటుంది. ఒకరికి పెద్ద చుక్క, ఒకరికి చిన్న చుక్క పడకుండా అందరికీ ఆమే వేసేది. ఒక్క చుక్క కూడా నేలపాలు కాకూడదని సీసా మూతిని రెప్పకు ఆనించి, నెమ్మదిగా ఒత్తేది. అంజవ్వ కన్ను కూడా మండింది. ఆమె సంతోషించింది.

వారానికోసారి నిజామాబాద్ పోయినప్పుడు సైఫ్ సీసాలను చిన్న త్రాసు మీద పెట్టి తూచేవాడు. చెప్పినట్టు వాడుతున్నారా లేదా అన్నది మిగిలిన మందు చెబుతుంది. మామూలుగా అది మంచి మాట చెప్పదు. కొందరి సీసా వారం తర్వాత కూడా నిండుగా ఉంటుంది. కొందరు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని సగం పారబోసి లోపలికి వస్తారు. వేల్పూర్ నుంచి వచ్చే ఒక రైతు సీసా ఎప్పుడూ ముందే అయిపోతుండేది. బర్రె కంట్లో కూడా వేస్తున్నట్టు తర్వాత తెలిసింది. అలాంటి చోట గంగుబాయి గుంపు సీసాలు మూడూ ప్రతి వారం ఒకే బరువు తూగాయి. సైఫ్ వాటిని వరుసగా నిలబెట్టి ఫోటో తీశాడు. పరిశోధనకు డబ్బు పెట్టిన కంపెనీ తరఫున బెంగళూరు నుంచి తనిఖీకి వచ్చినావిడ, ఇంత క్రమశిక్షణ ఉన్న రోగులు తనకు ఏ ఊళ్ళోనూ తగల్లేదని మెచ్చుకుంది. ఆ ఫోటోను పెద్దది చేయించి ఏసీ గది గోడకు మేకు కొట్టి తగిలించారు.

నెల తిరిగేసరికి గంగుబాయి కంటి మీద తెల్లమచ్చ సన్నబడింది. భోజన్న చెరుకులోకి దిగుతానని తొందర పెడుతున్నాడు. అంజవ్వ కన్ను కూడా బాగానే తగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి ఎదురు తిరిగింది. ఈ గురువారం బస్సులో ఆమె మాట్లాడలేదు. బోధన్ దాటాక గంగుబాయికి భయం వేసింది. అంజవ్వ మాట్లాడకుండా అంత దూరం ప్రయాణించడం ఆమె ఎన్నడూ చూడలేదు.

డాక్టర్ పుష్పలత అంజవ్వను యంత్రం ముందు చాలాసేపు కూర్చోబెట్టింది. పుండు వెడల్పయింది, లోతు కూడా. ఆమె సైఫ్‌ను పిలిచి, ఈ ఒక్క నంబరు గుట్టు విప్పడానికి అనుమతి అడగమంది. కన్ను ప్రమాదంలో పడినప్పుడు డాక్టరు అలా అడగవచ్చు. ఫోన్లు నడిచాయి. జవాబు వచ్చింది, అంజవ్వ సీసాలో ఉన్నది కొత్త మందు.

అయితే కొత్త మందు ఈ కంటికి పని చేయలేదన్నమాట. పుష్పలత ఏసీ గదిలో వాళ్ళ ముందే విడమరిచి చెప్పింది. ఈ రోజు నుంచి పాత మందు మొదలుపెడతాం, నాలుగు రోజులు చూస్తాం. సోమవారానికి తగ్గకపోతే హైదరాబాద్ పంపి నల్లగుడ్డు మీది పొర మార్పించాలి. ఈలోపు పుండు చిల్లు పెడితే మాత్రం ఆ కన్ను గురించి మాట ఇవ్వలేను.

గంగుబాయి గోడ మీది ఫోటో వైపు చూసింది. మండే మందు అంజవ్వ కంట్లో నెల నుంచి పడుతూనే ఉంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేది ఏముంది? ఆ సంగతి ఈ గదిలో ముగ్గురికి తెలుసు, మిగతా ఇద్దరికి తెలియదు. తెలియనివాళ్ళే వైద్యం చేస్తున్నారు. అంజవ్వకు ఆమె ఆలోచన అందింది. కొంగు పట్టి లాగింది.

"చెప్పకు అక్క. చెప్తే ముగ్గురిని ఎల్లగొడ్తరు."

"ఎల్లగొడ్తె కండ్లతోని పోతం" అంది గంగుబాయి. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "మేడం, ఆ మందు గూడ ఆమె కంట్ల వడ్డది."

"ఏ మందు?"

"పాతదో కొత్తదో నాకెరుక లేదు. మూడు సీసలు మూడు కండ్లకు ఏసినం. గంటకొక సీస."

సైఫ్ తన ఫోటోను తానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"గట్ల ఏసుమని ఎవలు చెప్పిండ్రమ్మా మీకు?"

"పోగులంటె నువ్వే అవునంటివి గద బిడ్డా. బొక్కల పోగు వచ్చినోళ్ళకు ముక్క ఏయకుంటె ఎట్ల?"

సైఫ్ తన కాగితాలు తిరగేశాడు. ముక్క సంగతి వాటిలో ఎక్కడా లేదు. పుష్పలత కోప్పడలేదు. ఒక ఖాళీ సీసా గంగుబాయి చేతికిచ్చి, ఎలా వేసేదానివో చూపించమంది. గంగుబాయి భోజన్న తల వెనక్కి వంచి, సీసా మూతిని అతని రెప్పకు శ్రద్ధగా ఆనించింది. డాక్టరు అది చూసి, పాత మందు చీటీ చించేసింది. అంజవ్వను మళ్ళీ లోపలికి తీసుకుపోయి కంటిలోంచి ఇంకోసారి గీకి పరీక్షకు పంపింది.

మర్నాడు ఫలితం వచ్చింది. బూజు దాదాపు పోయింది. దాని స్థానంలో వేరే క్రిమి, బ్యాక్టీరియా, చేరి కూర్చుంది. మందు ఓడిపోలేదు. ఏ మందు గెలిచిందో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు. క్రిమికి వేరే చుక్కలు మొదలుపెట్టి, అంజవ్వను ఆస్పత్రిలోనే ఉంచారు. నర్సు చేతులు కడుక్కుని, సీసాను కంటికి ఎడంగా పట్టుకుని వేసేది. గంగుబాయి పక్కనే నిలబడి నేర్చుకుంది. మూడో రోజు ఆమె పుష్పలతను ఆపి, అది తన చేతి నుంచే పోయిందా అని అడిగింది. ఎవరి కంటి నుంచి వచ్చిందో చెప్పలేం, సీసా మూతి మీంచి వచ్చింది అని డాక్టరు చెప్పింది. అబద్ధం చెప్పకుండా అంతకంటే మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాలేదు.

గంగుబాయి మంచం పక్కకు వచ్చి కూర్చుంది. అంజవ్వ బాగున్న కన్నుతో ఆమెను పరీక్షగా చూసింది.

"తలా ఒక ముక్క ఏస్తిరి. ఆఖరికి అందరి బొక్కలు నా పోగులనే వడ్డయ్."

"నవ్వకు, కన్ను అదురుతది" అంది గంగుబాయి. ఆమె మాత్రం నవ్వలేదు. సోమవారం వచ్చింది, పోయింది. హైదరాబాద్ పోవలసిన అవసరం రాలేదు.

పరిశోధన నుంచి ముగ్గురినీ తీసేశారు. అంజవ్వ భయపడినట్టు ఎవరూ వెళ్ళగొట్టలేదు. వైద్యం సాగింది, లెక్కలోంచి మాత్రమే పేర్లు పోయాయి. నెలలో అంత శుభ్రంగా మానిన గంగుబాయి, భోజన్నల కళ్ళు పాత మందు ఖాతాలో పడలేదు, కొత్త మందు ఖాతాలోనూ పడలేదు. మొత్తం పరిశోధనలో ఆ రెండు కళ్ళంత బాగా మానినవి ఇంకా రాలేదని సైఫ్ ఒకరిద్దరితో అన్నాడు, కాగితం మీద అనలేదు. గోడ మీంచి ఫోటో దిగింది, మేకు మిగిలింది. బెంగళూరు ఆవిడ మళ్ళీ వచ్చి రోజంతా ప్రశ్నలు అడిగి, లోపం రోగులకు నచ్చజెప్పే విధానంలో ఉందని తేల్చింది. సైఫ్‌ను శిక్షణకు పంపారు. అక్కడ స్థానిక ఆచారాలతో రోగులకు ఎలా వివరించాలో నేర్పుతూ, తెలంగాణలో మాంసం పోగులు పంచుకునే పద్ధతిని మంచి ఉదాహరణగా తెరమీద చూపించారు. సైఫ్ చెయ్యెత్తి రెండో సగం కూడా చెప్పాడు. చూపిస్తున్న ఆయన తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయాడు.

మార్పు మాత్రం ఒకటి వచ్చింది. మరుసటి సీజన్ నుంచి మందు మనిషి లెక్కన కాదు, గుంపు లెక్కన. ఒక గుంపులో ఎన్ని కళ్ళు దెబ్బతిన్నా అన్నిటికీ ఒకటే మందు. ఇక పంచుకున్నా కలిసేది అదే మందు కాబట్టి లెక్క చెడదు. పెద్ద ఊళ్ళలో దీనికి పెద్ద పేరుంది, డాక్టర్ పుష్పలత నెలల తరబడి ఉత్తరాలు రాసి ఒప్పించుకుంది. సైఫ్ మాత్రం గుంపుకొక పోగు అంటాడు. సీసా మూతి కంటికి తగలకుండా చుక్క వేయడం చూపించడానికి అతడు గంగుబాయిని గుడిసెల వెంట తిప్పాడు. ఇంతకూ ఏ మందు మంచిదని తేలిందని ఆమె దారిలో అడిగింది. ఇంకా రెండేళ్ళు పడుతుందన్నాడు.

"అంటే కంప్యూటర్ ఇంక అటే దిరిగి కూసున్నదన్నట్టు" అంది గంగుబాయి.

ఆస్పత్రి వాళ్ళు గుంపుకంతా కళ్ళద్దాలు కూడా ఇచ్చారు. చెమటకు ఆవిరి పట్టి ముందేమీ కనిపించదని ఎవరూ పెట్టుకోరు. అంజవ్వ పెట్టుకుంటుంది, నుదుటి మీద. ఆమె ఈ ఏడు మళ్ళీ సాలులో దిగింది. ఎడమ పక్క ఉన్న చెరుకు కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి గంగుబాయి ఆమెకు ఎప్పుడూ ఎడమ చివరి సాలు ఇస్తుంది. అటు పక్క కత్తి తగిలే మనిషి ఉండడు.

చెరుకు ఒడిసిన రోజు మేక తెగింది. మోదుగాకుల మీద పోగులు పడ్డాయి. భోజన్న అటు తిరిగి కూర్చుని పేర్లు చెప్పాడు. ఈసారి కూడా అంజవ్వకు ఎక్కువగా బొక్కలే వచ్చాయి. గంగుబాయి తన పోగులోంచి ఒక మంచి ముక్క ఏరి, లేచి వెళ్ళి అంజవ్వ ఆకు మీద వేయబోయింది.

అంజవ్వ ఆకును వెనక్కి లాక్కుంది. "చేతులు కడిగినవా అక్క?"

గంగుబాయి వెళ్ళి కడుక్కుని వచ్చి వేసింది. తర్వాత మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి, కాలువ దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చి, తలా ఒక ముక్క వేశారు. ఆ సాయంత్రం అన్నాలు కొంచెం ఆలస్యమయ్యాయి.

అంతకు ముందు గురువారమే అంజవ్వకు ఆఖరి పరీక్ష జరిగింది. గోడ మీది అక్షరాలు చదవడం ఆమెకు రాదు కాబట్టి, బొమ్మల పటం ముందు కూర్చోబెట్టారు. మంచి కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి గుర్తుపట్టే బొమ్మను ఆమె ఎడమ కన్ను ఆరు మీటర్ల నుంచి గుర్తుపట్టింది. డాక్టర్ పుష్పలత చీటీ మీద రాసింది: ఎడమ కన్ను, ఆరు బై పద్దెనిమిది.